కాల్ల వాసన సిగ్గుపడేది కాదు, సరిజేసుకునేది

పోయిన సంక్రాంతికి మా అక్క కొడుకు ఊరికొచ్చినాడు. సత్యవేడు పక్క ఒక కంపెనీలో పని వానికి. వచ్చీరాగానే బూట్లిప్పి గడ్డివామి పక్కన పెట్టి, తొట్టి కాడ కాల్లు కడుక్కోని, అప్పుడు ఇంట్లోకొచ్చినాడు. మా అక్క అదిచూసి "ఎంత మర్యాద నేర్చుకున్యాడు నా బిడ్డ" అని మురిసిపోయింది. నాకెందుకో అది మర్యాద మాదిరి అనిపించలా. భయం మాదిరి ఉన్నింది.

మాపిటేల ఇద్దరమూ చెరువుకట్ట మీద కూర్చున్నపుడు మెల్లగా చెప్పినాడు. "మామా, ఉద్యోగం మానేస్తా." ఏమిటికిరా అంటే చెప్పడు. శానాసేపు గుచ్చిగుచ్చి అడిగితే అప్పుడు కక్కినాడు. రూములో ఆరుమంది పిల్లకాయలు. వీని బూట్లు కంపు కొడతా ఉండాయని మిద్దె మీదికి ఇసిరేసినారంట. వానకి తడిసిపోయినాయి. అవే తడి బూట్లు తొడుక్కోని తెల్లారి డ్యూటీకి పోతే, లైన్లో పెద్దాయన అందరిముందరా "నువ్వు దూరంగా నిలబడు" అన్యాడంట. ఆ పొద్దు నుంచీ వానికి ఒక పేరు పెట్టేసినారు. ఆ పేరు నేనిక్కడ రాయను.

నాకు నవ్వు రాలా. ఎందుకంటే 1995లో హాస్టల్లో ఉన్నపుడు అదే పేరు నాకూ పెట్టినారు. ఒకటే కాన్వాస్ బూట్ల జత. ఒకటే సాక్సుల జత. పీటీ పీరియడ్ అయినాక క్లాసులోకి రాను సిగ్గు. కడాకి బూట్లే మానేసినా. బూట్లు లేవని పీటీ సారు కొడతా ఉండె. కొట్టినా పర్వాలేదు, నవ్వకుండా ఉంటే చాలనుకున్యా.

నేను డాక్టర్ని కాదు. బడి చదువు పదితో సరి. ఆ యెనక చదివిందంతా సొంతంగా చదువుకునిందే. అయితే ఈ కాల్ల చెమట, వాసన సంగతి మాత్రం పుస్తకాలు తిరగేసి, చర్మం డాక్టర్లని అడిగి తెలుసుకున్యా. మా అల్లుడికి చెప్పింది మీకూ చెప్తా ఉండా. మీలో ఎంతమంది బూట్లిప్పను భయపడతా ఉండారో నాకు తెలుసు.

చెమటకి వాసన లేదు

మొదట తెలుసుకోవాల్సింది ఇది. పాదానికి పట్టే చెమట అప్పటికప్పుడు వాసన రాదు. అది ఉప్పునీల్లు, అంతే. మన ఒంట్లో చెమట గ్రంథులు 20 లక్షల నుంచి 40 లక్షల దాకా ఉంటాయి. రెండు పాదాల్లోనే సుమారు 2.5 లక్షలు ఉంటాయని లెక్క. అరచేతులు, అరికాల్లు, ఈ రెండు చోట్లే అవి బాగా దట్టంగా ఉంటాయి.

మరి వాసన యాడనుంచి వస్తాది? మన చర్మం మీద ఎప్పుడూ కంటికి కనపడని బ్యాక్టీరియా కాపురం ఉంటాది. అరికాలి చర్మం మందం. పైన చచ్చిన చర్మం పొరలు పొరలుగా ఉంటాది. బూటు లోపల గాలి ఆడదు, చెమట ఆరదు. ఆ చచ్చిన చర్మం నానిపోతాది. నానిన చర్మం, చెమట, వెచ్చదనం, చీకటి. బ్యాక్టీరియాకి ఇంతకంటే పెండ్లి భోజనం ఏముంటాది? అవి చెమటలో ఉండే ల్యూసిన్ అనే పదార్థాన్ని తిని ఐసోవాలెరిక్ యాసిడ్ అనేదాన్ని వదులుతాయి. పాదాల కంపులో ముఖ్యమైన ముద్దాయి అదే. పులిసిన పాల వాసన, పాత చీజు వాసన మాదిరి ఉంటాది.

చీజు అని ఊరికే అనలేదు. లింబర్గర్ అని ఐరోపాలో ఒక చీజు ఉండాది. దాన్ని పండబెట్టే బ్యాక్టీరియాకి, మన కాల్ల మీద ఉండే ఒక రకం బ్యాక్టీరియాకి దగ్గరి చుట్టరికం. ఆఫ్రికాలో మలేరియా తెచ్చే ఆడదోమ మనిషి కాల్ల వాసనకి ఎంత ఇష్టంగా వస్తాదో ఆ చీజు వాసనకీ అంతే ఇష్టంగా వస్తాదని ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించినారు. దానికి 2006లో వాల్లకి ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి కూడా ఇచ్చినారు. ఆ చీజుని డబ్బులిచ్చి కొనుక్కోని తినేవాల్లు ఉండారు. అదే వాసన పేదోని బూట్లో వస్తే మాత్రం మిద్దె మీదికి ఇసురుతారు.

మా తాతకి ఈ బాధ లేదు. తోలు చెప్పులేసుకోని, లేకుంటే ఉత్తకాల్లతో చెనిక్కాయ చేలో తిరిగినాడు. ఆయనకీ చెమట పట్టె, గాలికి ఆరిపోయె. మనకేమో 12 గంటలు రెక్సిన్ బూట్లో కాలు బంధించి పెట్టే ఉద్యోగాలొచ్చినాయి. చెమట అదే, మారింది బూటు.

భయపడితే ఇంకా పడతాది

ఎండకి పట్టే చెమట ఒళ్లంతా పడతాది, ఒళ్లు సల్లబడను. అరచేతులకీ అరికాల్లకీ పట్టే చెమటకి ఇంకో కారణం కూడా ఉండాది. అది మనసుకి లంకె. పరీక్ష, ఇంటర్వ్యూ, పెండ్లిచూపులు, సూపర్‌వైజర్ అరుపు, ఇట్టాంటివన్నిట్లో నరాలు గ్రంథులకి కబురు పంపుతాయి. ఇప్పుడు మా వాని సంగతి చూడండి. వాసన వస్తాదేమోనని భయం. భయానికి చెమట. చెమటకి వాసన. ఎగతాళి చేసేవాడు వాసనని ఇంకా పెంచతా ఉండాడు, వానికే తెలీదు.

కొంతమందికి ఎండతో, భయంతో పనిలేకుండానే కారిపోతా ఉంటాది. చెప్పులో కాలు జారిపోతాది, నేల మీద తడి అడుగులు పడతాయి, పరీక్షలో పేపరు తడిసిపోతాది. దాన్ని డాక్టర్లు హైపర్‌హైడ్రోసిస్ అంటారు, అంటే అతిచెమట. 2004లో అమెరికాలో తీసిన లెక్కలో నూటికి దాదాపు ముగ్గురికి ఏదో ఒకచోట ఈ బాధ ఉన్నట్టు తేలింది. దీని గుర్తులు ఇవి: చిన్నప్పుడో ఈడు వచ్చేటపుడో మొదలయితాది, రెండు కాల్లకీ ఒకటే మాదిరి పడతాది, నిద్రలో పట్టదు, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటాది. ఇది మురికి వల్ల వచ్చేది కాదు, కులం వల్ల వచ్చేది కాదు, "రక్తం చెడిపోయి" వచ్చేది అంతకన్నా కాదు.

ఇంకోమాట. చెమట పట్టే కాలు బతికున్న కాలు. మన పక్కనే రాయవేలూరు సీఎంసీలో 1946 నుంచి పాల్ బ్రాండ్ అనే డాక్టరు కుష్ఠు రోగుల చేతులు, కాల్ల మీద ఏండ్లతరబడి పనిచేసినాడు. కుష్ఠులో నరాలు చచ్చిపోతే స్పర్శతో పాటు చెమట కూడా ఆగిపోతాది. చెమటలేని అరికాలు ఎండిపోయి పగుల్లిస్తాది, పగుల్లో పుండు లేస్తాది, నొప్పి తెలీదు. షుగరు ముదిరినోల్లకీ ఇదే గతి. కాబట్టి ఇంట్లో పెద్దోల్లకి షుగరు ఉండి, కాలు పూర్తిగా పొడిబారి, తిమ్మిరెక్కి ఉంటే మీ వాసన కంటే వాల్ల కాలు ముఖ్యం. ముందర వాల్లని ఆస్పత్రికి తీసకపోండి.

ముందర కాలు చూసుకోండి

ఈ పొద్దు రాత్రి దీపం వెలుతుర్లో అరికాలు పైకెత్తి చూసుకోండి. మూడు రకాలు కనపడొచ్చు.

ఒకటి: చర్మం బాగానే ఉండాది, తడి, వాసన మాత్రమే. ఇది సులభం. ఇంట్లోనే సరిజేసుకోవచ్చు.

రెండు: మడమ మీదా, వేల్ల కింద మెత్త మీదా సూదితో పొడిచినట్టు చిన్నచిన్న గుంటలు. తడిస్తే తెల్లగా బాగా కనపడతాయి. కంపు శానా ఎక్కువ. దీన్ని పిట్టెడ్ కెరటోలైసిస్ అంటారు. బ్యాక్టీరియా చర్మం పైపొరని కొరుక్కుతినడం వల్ల వచ్చే గుంటలు ఇవి. 1910లో సిలోనులో పనిచేసిన కాస్టెల్లానీ అనే ఇటలీ డాక్టరు దీన్ని మొదట రాసిపెట్టినాడు. ఆయన చూసింది వానల్లో ఉత్తకాల్లతో తిరిగే జనాన్ని. ఇప్పుడు గంబూట్లలో, సేఫ్టీ బూట్లలో ఉండేవాల్లకి ఎక్కువ. మామిడి సీజన్లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో పొద్దస్తమానం నీల్లల్లో నిలబడేవాల్లు, డెయిరీల్లో కడిగేవాల్లు దీన్ని జాగ్రత్తగా చూసుకోవాల.

మూడు: వేల్ల సందుల్లో, ముఖ్యంగా చిటికెనవేలు పక్కన, తెల్లగా నానిపోయి, పొట్టు రాలి, నవ్వ. ఇది బూజు జబ్బు, మనం తామర అంటామే, ఆ జాతిదే. ఇది ఒకరినుంచి ఒకరికి అంటుకుంటాది. ఒకే తుండు వాడితే అంటుకుంటాది. కాలు గోక్కోని అదే చేత్తో తొడ గోక్కుంటే అక్కడికీ పాకుతాది.

ఒకే కాలికి రెండు మూడు రకాలు కలిసి కూడా ఉండొచ్చు.

పైసా ఖర్చు లేని పనులు

పొద్దునా రాత్రీ సబ్బుతో కాల్లు కడగండి. కాలి మీద నీల్లు పోసుకోవడం కడగడం కాదు. వేల్ల సందుల్లో వేలు పెట్టి రుద్దాల. ఆ యెనక అసలైన పని: ఆరబెట్టడం. కాల్లకి వేరే గుడ్డ పెట్టుకోని ప్రతి సందూ తుడవాల. తడికాలికి సాక్సు తొడిగితే మీరు కడిగినదంతా వేస్టు.

సాక్సు ఏ పొద్దుది ఆ పొద్దే ఉతకాల. లోపలిపక్క బయటికి తిప్పి ఉతకాల, ఎందుకంటే మురికంతా లోపలే ఉంటాది. నూలు సాక్సులయితే వారానికోసారి బాగా కాగిన నీల్లల్లో నానబెట్టండి. పలచటి నైలాన్ సాక్సులు వద్దు, చెమట పీల్చవు. నూలువి పీలుస్తాయి గానీ తడి పట్టుకోని ఉంటాయి. అందుకే బ్యాగులో ఇంకో జత పెట్టుకోండి. పైటాల అన్నానికి లేచినపుడు కాలు తుడుచుకోని జత మార్చండి. ఈ ఒక్క పనితోనే సగం వాసన తగ్గిపోతాది.

బూటు తడి ఒక రాత్రికి ఆరదు. పూర్తిగా ఆరను ఒక పగలూ రాత్రీ పడతాది. అందుకే రెండు జతలుంటే మార్చి మార్చి వేసుకోవాల. రెండో జత కొనలేమంటారా, అది నాకూ తెలుసు. అప్పుడు ఇట్ట చేయండి: ఇంటికి రాగానే లేసులు మొత్తం వదులు చేసి, లోపలి అట్ట బయటికి తీసి, బూటు నిండా పాత పేపర్లు కుక్కండి. పేపరు తడిని లాగేస్తాది. పండుకునే ముందర ఆ పేపర్లు తీసేసి ఫ్యాను కింద పెట్టండి. సెలవు పొద్దు కాన్వాస్ బూట్లని ఉతికి ఎండలో పెట్టండి. తోలువయితే నీడలో గాలికి పెట్టాల, ఎండకి పగిలిపోతాయి. ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో ఒంట్లో స్టాటిక్ కరెంటు పోగుపడకుండా ఇచ్చే బూట్లలో మాత్రం బయట కొన్న అట్టలు అడక్కుండా వేయొద్దు. దాంతో బూటు చేసే పనే పోతాది.

డ్యూటీ లేనపుడు చెప్పులేసుకోండి. కాలికి గాలి కంటే మంచి మందు లేదు.

మన పెద్దోల్ల మందులు రెండు. ఒకటి టీ డికాషన్. పాలు చక్కెర లేకుండా చిక్కగా కాంచి, సల్లార్చి, నీల్లు కలిపి 20, 30 నిమిషాలు కాల్లు పెట్టుకోవడం. టీలో ఉండే టానిన్ చర్మాన్ని బిగుసుకునేట్టు చేస్తాది. వగరు అంటామే, అదే టానిన్. తంగేడు చెక్కలోనూ అదే ఉండాది, అందుకే దాంతో తోలు పదును చేసేవాల్లు. రెండోది పటిక. మంగలంగట్లో గడ్డం గీసినాక రుద్దే రాయి. అది అల్యూమినియం ఉప్పు. ఈ రెండూ కొద్దిపాటి చెమటకి కొంచెం పనిచేస్తాయి. కారిపోయే చెమటని ఆపవు. కాలు తెగి ఉంటే, పగిలి ఉంటే రెండూ వద్దు.

మందుల అంగడికి పోతే

చెమట తగ్గను అల్యూమినియం క్లోరైడ్ కలిపిన లోషన్లు ఉండాయి. మామూలుగా 20 శాతం. దీన్ని శానామంది తప్పుగా వాడతారు. పొద్దున బూటేసుకునే ముందర పూసుకుంటారు. అది కాదు. రాత్రి పండుకునే ముందర, బాగా ఆరిన కాలికి పూసి, పొద్దున కడిగేయాల. రాత్రి చెమట తక్కువ కాబట్టి మందు రంధ్రంలోకి పోయి దాన్ని మూస్తాది. తడికాలికి పూస్తే మంట. మొదట రోజూ రాత్రి, తగ్గినాక వారానికి ఒకటి రెండుసార్లు. మంట పుడితే రెండు దినాలు ఆపండి.

వాసన ఎక్కువుంటే మొటిమలకి వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ సబ్బునీల్లు కూడా పనికొస్తాయి. బ్యాక్టీరియాని చంపుతాది. రంగుగుడ్డకి తగిలితే రంగు పోతాది, చూసుకోండి. గుంటలు పడిన కాలికి డాక్టరు పూతమందు యాంటిబయాటిక్ రాస్తాడు. కొన్ని వారాల్లో నయమయితాది. ఇన్నేండ్లు దాసిపెట్టిన జబ్బు కొన్ని వారాల పని అని తెలిస్తే ఏడుపొస్తాది.

వేల్ల సందుల బూజుకి క్లోట్రిమజోల్, టెర్బినఫిన్ లాంటి క్రీములు. నవ్వ తగ్గగానే ఆపేయొద్దు. చెప్పినన్ని దినాలు పూయాల, లేకుంటే మల్లా లేస్తాది.

ఇక్కడ చేతులెత్తి మొక్కి చెప్తా ఉండా. అంగట్లో "అన్నా, నవ్వకి ఏదన్నా క్రీము ఇయ్యి" అంటే మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు చేతికిస్తారు. దాంట్లో స్టెరాయిడ్ ఉంటాది. రెండు దినాల్లో నవ్వ మాయం. మనం మురిసిపోతాం. లోపల బూజు మాత్రం పెరుగుతానే ఉంటాది, ఆ యెనక ఒళ్లంతా పాకి మామూలు మందుకి లొంగదు. దేశమంతా తామర ఇట్ట మొండికేసిందానికి ఈ ట్యూబులు ఒక పెద్ద కారణమని చర్మం డాక్టర్లు మొత్తుకుంటా ఉండారు. 2018లో కేంద్రం స్టెరాయిడ్ క్రీములని డాక్టరు చీటీ లేకుండా అమ్మగూడదని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. కాగితం మీద ఉండాది. అంగట్లో మీరే ఉండాల జాగ్రత్తగా.

ఇవన్నీ చేసినా తగ్గని అతిచెమటకి పెద్దాస్పత్రుల్లో దారులుండాయి. నీల్ల పల్లెంలో కాలు పెట్టించి సన్నటి కరెంటు పంపే అయాంటోఫోరెసిస్, బోటాక్స్ సూదులు, మాత్రలు. కరెంటుది మిషన్‌తో, డాక్టరు చెప్పినట్టు చేసేది. ఇంట్లో బ్యాటరీ పెట్టుకోని ప్రయోగాలు చేయొద్దు. గర్భిణులకీ, గుండెకి పేస్‌మేకర్ ఉన్నోల్లకీ అది పనికిరాదు. మాత్రలు ఒళ్లంతా చెమట తగ్గిస్తాయి. 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో కూలిపనికి పోయేవాల్లకి చెమట ఆగితే వడదెబ్బే. కాబట్టి మీ పని ఏందో డాక్టరుకి చెప్పాల. తిరుపతి రుయా ఆస్పత్రిలో చర్మం విభాగం ఉండాది. ఓపీ చీటీ తీసుకోని బూట్లిప్పి చూపించండి. వాల్లు ఇంతకంటే పెద్దవి రోజూ చూస్తా ఉంటారు.

కాలు వాచి ఎర్రబడినా, చీము కారినా, జ్వరమొచ్చినా ఆగొద్దు. ఉన్నట్టుండి ఒళ్లంతా చెమటలు, రాత్రి నిద్రలో బట్టలు తడిసేంత చెమటలు, బరువు తగ్గిపోవడం, ఇవుంటే అది కాలి సంగతి కాదు. వెంటనే చూపించుకోండి.

ఇది ఒక్కని కాలి సంగతి కాదు

మన తడ మండలం మాంబట్టులో అపాచీ ఫ్యాక్టరీలో వేలమంది, ఎక్కువమంది ఆడబిడ్డలే, అడిడాస్ బూట్లు కుడతారు. ప్రపంచంలో పరిగెత్తేవాల్ల కాలికి గాలాడే బూటు మన తిరుపతి జిల్లాలో తయారయితాది. మన పిల్లోని కాలికి మాత్రం గాలాడని రెక్సిన్. ఇది నేను ఏ కంపెనీ మీదా నింద వేయను చెప్పేది కాదు. బూటుని మనం జీతం మాదిరి, సెలవు మాదిరి అడగాల్సిన వస్తువుగా ఎప్పుడూ చూడలేదు అని చెప్పను.

అడిగే హక్కు ఉండాది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 42వ సెక్షన్ కడుక్కునే వసతి, 43వ సెక్షన్ తడిబట్టలు ఆరబెట్టుకునే వసతి, 44వ సెక్షన్ నిలబడి పనిచేసేవాల్లకి కూర్చునే వసతి గురించి రాసినారు. 2025 నవంబరులో అమల్లోకి తెచ్చిన కొత్త వృత్తి భద్రత కోడ్‌లో కూడా ఈ వసతులు ఉండాయి. భద్రత కోసం ఇచ్చేదానికి కూలీ దగ్గర డబ్బు కోసుకోగూడదని కూడా ఉండాది. కాబట్టి అడగండి: రెండో జత బూట్లు, బూట్లు ఆరబెట్టుకునే అర, పైటాల కాలు కడుక్కునే నీల్లు. ఒక్కడే పోయి అడిగితే "వాసన గాడు" అంటారు. 20 మంది సంతకం పెట్టి అడిగితే అది కార్మికుల కోరిక.

బడుల్లోనూ అంతే. 2020 నుంచి పిల్లోల్ల కిట్‌లో ఒక జత బూట్లు, రెండు జతల సాక్సులు వస్తా ఉండాయి. సర్కారు మారింది, కిట్టు పేరు మారింది, లెక్క అదే. అయివార్లూ, మీరు రెండు సాక్సులు మార్చి మార్చి వేసుకోవాలని, రోజూ ఉతకాలని ఒక్క పీరియడ్ చెప్పండి. వాసన వచ్చిన పిల్లోన్ని యెనక బెంచీకి పంపొద్దు.

మన పల్లెల్లో ఒక కాలముండె. పెద్దకులాల వీధిలో నడిచేటపుడు కొంతమంది చెప్పులు చేత పట్టుకోని పోవాల. చెప్పులు కుట్టినోనికే చెప్పులేసుకునే హక్కు లేదు. ఆ చెప్పు కోసం మన పెద్దోల్లు కొట్లాడినారు. ఇప్పుడు వాల్ల మనవడు బూటేసుకోని ఉద్యోగానికి పోతా ఉండాడు. వాన్ని వాసన పేరుతో మల్లా వీధి చివర నిలబెడితే అది పాత జబ్బే, కొత్త బూట్లో వచ్చింది. తిరుమల మాడవీధుల్లో అందరూ ఉత్తకాల్లతోనే నడుస్తారు. అక్కడ ఎవరి కాలు ఎవరికీ కంపు కొట్టదు.

మా అల్లుడు ఉద్యోగం మానలేదు. పండగ అయినాక రుయాకి పిల్చకపోయినా. అరికాలి నిండా గుంటలు. పూతమందు రాసినారు. రెండు జతల నూలు సాక్సులు నేనే కొనిచ్చినా. నెల తిరక్కముందే ఫోను చేసినాడు. "మామా, తగ్గిపోయింది" అన్యాడు. నాకు దానికంటే ఆ యెనక చెప్పింది బో సంతోషమనిపించింది. వాని బూట్లు ఇసిరేసిన పిల్లోడే ఒక రాత్రి పక్కకి పిలిచి, "రేయ్, ఆ మందు పేరు ఏందిరా?" అని అడిగినాడంట. వానికీ ఉండె ఆ బాధ. వీడు పేరు చెప్పలా. "మందు పేరు కాదురా, ముందర కాలు చూపిచ్చుకో" అని చీటీ తీసుకునే కిటికీ యాడుందో చెప్పినాడంట.